కుటుంబ చరిత్ర పరిశోధన: పత్రికలు, వీలునామా రికార్డులు (చిత్తూరు–తిరుపతి ప్రాంతం)

కుటుంబ చరిత్ర పరిశోధన అంటే ఒక వంశానికి చెందిన వ్యక్తుల పేర్లు, పుట్టుక, వివాహం, మరణం, నివాసం, వృత్తి, ఆస్తి, పరస్పర బంధుత్వం మొదలైన వివరాలను లిఖిత ఆధారాల సాయంతో నిర్ధారించి, తరాల వారీగా క్రమపరచడం. మౌఖికంగా వచ్చే వంశావళికి దీనికి గల ముఖ్య భేదం ఏమంటే, ఇందులో ప్రతి బంధుత్వానికీ ఆధారం చూపవలసి ఉంటుంది. ఇందుకు పనికివచ్చే ఆధారాల్లో రెండు తరగతులు ప్రధానమైనవి. మొదటిది పత్రికలు, అంటే దిన, వార, మాస పత్రికలు, ప్రభుత్వ గెజిట్లు, న్యాయ నివేదికల సంపుటాలు. రెండవది వీలునామా, వారసత్వ రికార్డులు, అంటే మరణించిన వ్యక్తి ఆస్తి ఎవరికి ఎలా సంక్రమించిందో తెలిపే దస్తావేజులు, కోర్టు పత్రాలు. దక్షిణ రాయలసీమలోని చిత్తూరు, తిరుపతి ప్రాంతాలకు సంబంధించి ఈ రెండు తరగతుల స్వరూపం, లభ్యత, వినియోగ పద్ధతి ఈ వ్యాసంలోని విషయాలు.

పాలనా సరిహద్దుల చరిత్ర

ఏ రికార్డు ఎక్కడ ఉంటుందన్నది ఆ కాలపు పాలనా సరిహద్దులను బట్టి నిర్ణయమవుతుంది. 1800లో నిజాం నుంచి దత్తమండలాలు, 1801లో ఆర్కాటు నవాబు నుంచి కర్ణాటక రాజ్యం ఈస్టిండియా కంపెనీ వశమయ్యాయి. మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లాలోను, చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు ఉత్తర ఆర్కాటు జిల్లాలోను చేరగా, ఉత్తర ఆర్కాటు జిల్లాకు చిత్తూరు ముఖ్యపట్టణంగా ఉండేది. 1911 ఏప్రిల్ 1న ఈ తాలూకాలను, కాళహస్తి, కార్వేటినగరం, పుంగనూరు జమీందారీ ప్రాంతాలను కలిపి చిత్తూరు జిల్లాను ఏర్పాటు చేశారు. అందువల్ల 1911కు ముందు చిత్తూరు నివాసి గురించి వెతికేవారు ఉత్తర ఆర్కాటు జిల్లా రికార్డులను, మదనపల్లె నివాసి గురించి వెతికేవారు కడప జిల్లా రికార్డులను చూడవలసి ఉంటుంది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు జిల్లా మద్రాసు నుంచి విడిపోయింది. సరిహద్దు వివాదంలో మధ్యవర్తిగా ఉన్న పటాస్కర్ సిఫారసుల ఆధారంగా 1959లో చేసిన సరిహద్దుల మార్పు చట్టం 1960 ఏప్రిల్ 1న అమలులోకి రాగా, తిరుత్తణి తాలూకాలో అధికభాగం మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది; చెంగల్పట్టు జిల్లాలోని సత్యవేడు ప్రాంత గ్రామాలు చిత్తూరు జిల్లాలో చేరాయి. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్వ్యవస్థీకరణలో తిరుపతి, అన్నమయ్య జిల్లాలు ఏర్పడి, పూర్వపు చిత్తూరు జిల్లా మూడు జిల్లాల మధ్య విభజితమైంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ జన్మస్థలమైన తిరుత్తణి ఇందుకు తగిన ఉదాహరణ: ఆయన పుట్టిన 1888లో అది ఉత్తర ఆర్కాటు జిల్లాలోను, 1911 నుంచి చిత్తూరు జిల్లాలోను ఉండి, 1960లో మద్రాసు రాష్ట్రంలో చేరింది, ఆయన ఇంటిపేరు మాత్రం నెల్లూరు ప్రాంతంలోని సర్వేపల్లి గ్రామాన్ని సూచిస్తుంది. (చూ. చిత్తూరు జిల్లా, ఉత్తర ఆర్కాటు జిల్లా.)

వీలునామాకు సంబంధించిన చట్టాలు

వీలునామా లేదా మరణశాసనం అంటే ఒక వ్యక్తి తన మరణానంతరం తన ఆస్తి ఎవరికి చెందాలో తెలుపుతూ వ్రాసే పత్రం. ఆ వీలునామా వాస్తవమైనదని న్యాయస్థానం ధ్రువీకరించి, దాని అమలుకర్తకు ఇచ్చే అధికార పత్రాన్ని ప్రొబేటు అంటారు. వీలునామా లేకుండానో, అమలుకర్త పేరు అందులో చెప్పకుండానో వ్యక్తి మరణించినప్పుడు ఆస్తి నిర్వహణకు కోర్టు ఇచ్చేది లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్. మృతునికి రావలసిన అప్పులు, బ్యాంకు నిల్వలు, సెక్యూరిటీలు వసూలు చేసుకోవడానికి వారసులకు ఇచ్చేది వారసత్వ సర్టిఫికెట్.

ఇంగ్లండులో కుటుంబ చరిత్రకారులకు ప్రొబేటు రికార్డులే మొదటి ఆధారమైనా, చిత్తూరు ప్రాంతంలో ఆ స్థితి లేదు. 1865 నాటి భారత వారసత్వ చట్టం ప్రధానంగా యూరోపియన్లకు, క్రైస్తవులకు వర్తించింది. 1870 నాటి హిందూ విల్స్ చట్టం బెంగాల్ ప్రాంతంతో పాటు మద్రాసు, బొంబాయి నగరాలకు పరిమితమైంది. 1925 నాటి భారత వారసత్వ చట్టం 57, 213 సెక్షన్ల ప్రకారం కూడా హిందువుల వీలునామాకు ప్రొబేటు తప్పనిసరి అన్న నియమం ఆ పరిధిలో వ్రాసిన వీలునామాలకు, అక్కడి స్థిరాస్తికి మాత్రమే ఉండేది. కాబట్టి చిత్తూరు రైతు తన గ్రామంలోని భూమికి వ్రాసిన వీలునామా ప్రొబేటుకు వెళ్లవలసిన అవసరం లేదు. అదే కుటుంబానికి మద్రాసు నగరంలో ఇల్లు ఉంటే మద్రాసు హైకోర్టు ప్రొబేటు రికార్డుల్లో దాని జాడ దొరికే అవకాశం ఉంది.

హిందూ కుటుంబాల్లో వీలునామాలు తక్కువగా ఉండడానికి మరొక కారణం మితాక్షర ధర్మశాస్త్రం. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో తన వాటాను వీలునామా ద్వారా ఇచ్చే హక్కు సభ్యునికి ఉండేది కాదు. స్వార్జితానికి మాత్రమే వీలునామా చెల్లేది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 30వ సెక్షన్ ఉమ్మడి వాటాకు కూడా వీలునామా వ్రాసే హక్కు కల్పించింది. ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి, కేంద్ర సవరణ 2005 సెప్టెంబరు 9 నుంచి కుమార్తెలను ఉమ్మడి ఆస్తిలో సహభాగస్వాములుగా గుర్తించాయి. పాత భాగపరిష్కార దస్తావేజుల్లో కుమార్తెల పేర్లు కనిపించకపోవడానికి, ఇటీవలి వాటిలో అవి హక్కుదారుల వరుసలోనే ఉండడానికి ఈ చట్టాలే కారణం. ముస్లింల విషయంలో వసీయత్ సాధారణంగా ఆస్తిలో మూడో వంతుకు పరిమితం కాగా, మిగిలినది షరియత్ నియమాల ప్రకారం వారసులకు చెందుతుంది. (చూ. మితాక్షరం, వసీయత్.)

వీలునామా, వారసత్వ రికార్డుల రకాలు

*రిజిస్ట్రేషన్ పుస్తకాలు.* 1864లో మొదలైన దస్తావేజుల రిజిస్ట్రేషన్ వ్యవస్థ 1908 నాటి చట్టంతో ఇప్పటి రూపం పొందింది. వీలునామా రిజిస్ట్రేషన్ ఐచ్ఛికం. దానిని ఎప్పుడైనా, వ్రాసిన వ్యక్తి మరణించిన తరవాత కూడా, రిజిస్ట్రేషనుకు సమర్పించవచ్చు. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో స్థిరాస్తి క్రయ, తనఖా, భాగపరిష్కార, దాన సెటిల్‌మెంట్ దస్తావేజులు 1వ పుస్తకంలోను, వీలునామాలు, దత్తతాధికార పత్రాలు 3వ పుస్తకంలోను నకలు చేస్తారు. సీలు చేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు వద్ద భద్రపరచిన వీలునామాల వివరాలు 5వ పుస్తకంలో ఉంటాయి. 57వ సెక్షన్ ప్రకారం 1వ పుస్తకాన్ని ఎవరైనా రుసుము చెల్లించి పరిశీలించవచ్చు. 3వ పుస్తకంలోని నకళ్లను వ్రాసిన వ్యక్తి జీవించి ఉన్నంతకాలం ఆయనకో ఆయన ఏజెంటుకో మాత్రమే ఇస్తారు. మరణానంతరం దరఖాస్తు చేసిన ఎవరికైనా ఇస్తారు.

*వీలునామా స్వరూపం.* ఒక సాధారణ వీలునామాలో తేదీ, వ్రాయించినవారి పేరు, తండ్రి లేదా భర్త పేరు, సుమారు వయస్సు, వృత్తి, కాపురం ఉండే గ్రామం మొదట వస్తాయి. పాత పత్రాల్లో కులం కూడా ఉంటుంది. ఆ తరవాత ఆస్తి పిత్రార్జితమా స్వార్జితమా అన్న వివరణ, భార్య, సంతానం, మరణించిన సంతానం, వారి పిల్లల ప్రస్తావన, ఎవరికి ఏది చెందాలన్న నిర్దేశం ఉంటాయి. చివర సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు దిక్కుల చెక్కుబందీతో కూడిన ఆస్తి షెడ్యూలు, వ్రాయించినవారి సంతకం లేదా వేలిముద్ర, కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు, దస్తావేజు లేఖరి పేరు ఉంటాయి. చెక్కుబందీలో పక్క పొలం యజమానులుగా పేర్కొన్నవారు, సాక్షులు చాలాసార్లు దాయాదులో వియ్యాలవారో అయి ఉంటారు కాబట్టి, పరిశోధకులు ఈ పేర్లను కూడా వేరుగా నమోదు చేసుకుంటారు.

*భాగపరిష్కార దస్తావేజులు.* ఈ ప్రాంతంలో వీలునామా కంటె ఎక్కువ వంశ సమాచారం సాధారణంగా వీటిలో దొరుకుతుంది. అన్నదమ్ములందరి పేర్లు, మరణించిన అన్న లేదా తమ్ముని కుమారులు, మైనర్ల సంరక్షకులు, తల్లికి కేటాయించిన మనోవర్తి, పంచుకోకుండా ఉమ్మడిగా ఉంచిన బావి వాటాలు ఇందులో కనిపిస్తాయి.

*ఇల్లటం, దత్తత పత్రాలు.* మగసంతానం లేని రైతు కుటుంబం అల్లుణ్ణి ఇంటికి తెచ్చుకుని కొడుకుతో సమానంగా ఆస్తి ఇచ్చే ఇల్లటం ఆచారాన్ని రెడ్డి, కమ్మ కుటుంబాల్లో న్యాయస్థానాలు గుర్తించాయి. దత్తపుత్రుని మాదిరిగా కాక, ఇల్లటపు అల్లునికి పుట్టినింటి ఆస్తిలో హక్కు పోదు. భూమి మామ ఇంటిపేరు నుంచి అల్లుని ఇంటిపేరు కిందికి మారడం వల్ల, రెవెన్యూ రికార్డు మాత్రమే చూసినవారు దానిని అమ్మకంగా పొరబడే అవకాశం ఉంది. (చూ. ఇల్లటం, దత్తత.)

*ఇనాం రికార్డులు.* 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ విచారణ ఫలితంగా తయారైన ఇనాం రిజిస్టర్లలో దేవాలయ సేవ, గ్రామ సేవ, పాండిత్యం మొదలైన వాటికి ఇచ్చిన మాన్యాల వివరాలతో పాటు మొదటి గ్రహీత, అప్పటి అనుభవదారు, వారి మధ్య బంధుత్వం నమోదయ్యాయి. రిజిస్ట్రేషన్ వ్యవస్థకు ముందరి తరాలను తెలుసుకోవడానికి అర్చక, కరణం, వృత్తిపని కుటుంబాల విషయంలో ఇవి ప్రధాన ఆధారం.

*దేవస్థాన, మఠ రికార్డులు.* తిరుమల ఆలయ నిర్వహణ 1843 నుంచి 1933 వరకు హాథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉండేది. అక్కడి ఉత్తరాధికారం గురుశిష్య పరంపరగా సాగింది కాబట్టి ఆ పత్రాల్లోని వారసత్వాన్ని రక్తసంబంధంగా గ్రహించరాదు. ఇందుకు భిన్నంగా పైడిపల్లి, గొల్లపల్లి, పెద్దింటి, తిరుపతమ్మ అనే నాలుగు మిరాశీ కుటుంబాల అర్చకత్వం వంశపారంపర్యంగా సాగింది. 1987 నాటి దేవాదాయ చట్టం వంశపారంపర్య హక్కులను రద్దు చేయగా, దానిపై సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు వరకు జరిగిన వ్యాజ్యం ఆ హక్కుల చరిత్రకు ముద్రిత ఆధారంగా నిలిచింది.

పత్రికల రకాలు

*ప్రభుత్వ గెజిట్లు.* 1832లో ప్రారంభమైన ఫోర్ట్ సెయింట్ జార్జి గెజిట్‌లో ఉద్యోగుల నియామకాలు, బదిలీలు, సెలవులు, పరీక్షల ఉత్తీర్ణుల జాబితాలు, భూసేకరణ ప్రకటనలు వచ్చేవి. భూసేకరణ ప్రకటనలో గ్రామం, సర్వే నంబరు, పట్టాదారు పేరు ఉండడం వల్ల అది భూమి రికార్డుతో నేరుగా పోల్చడానికి వీలవుతుంది. రాష్ట్ర గెజిట్లలోని పేరు మార్పు ప్రకటనలు ఒకే వ్యక్తి రెండు పేర్లను కలుపుతాయి.

*వార్తాపత్రికలు.* 20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో ఈ ప్రాంతపు చదువరులకు మద్రాసు పత్రికలే ప్రధానం. 1878లో మొదలైన ది హిందూ, 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా వెలువడిన ఆంధ్రపత్రిక, 1938లో మొదలైన ఆంధ్రప్రభ ఇందులో ముఖ్యమైనవి. 1930లో నెల్లూరు నుంచి మొదలైన జమీన్‌రైతు వారపత్రిక పొరుగు తాలూకాల రైతు, జమీందారీ విషయాలకు ఆధారం. 1982లో ఈనాడు తిరుపతి ఎడిషన్ రావడంతో స్థానిక మరణ వార్తలు, వర్ధంతి ప్రకటనలు ఇక్కడే అచ్చు కావడం మొదలైంది.

*మరణ, శ్రద్ధాంజలి ప్రకటనలు.* వీటిలో మృతుని ఫోటో, పేరు, మరణించిన తేదీ, పెద్దకర్మ జరిగే రోజు, స్థలం, కింద శోకతప్తులైన భార్య, కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, అల్లుళ్లు, మనవలు, మనవరాళ్ల వరుస ఉంటాయి. కోడళ్ల, అల్లుళ్ల పేర్లు జంటగా రావడం వల్ల వీలునామాలో లేని వివాహ సంబంధాలు తెలుస్తాయి. శివసాయుజ్యం, పరమపదం, ప్రభువునందు నిద్రించుట వంటి మాటలు కుటుంబ మతసంప్రదాయాన్ని సూచిస్తాయి. ప్రకటన అచ్చయిన తేదీకి, మరణ తేదీకి మధ్య పది పన్నెండు రోజుల తేడా ఉండవచ్చు. వర్ధంతి ప్రకటనలో తిథి ప్రకారం లెక్కించిన రోజు ఇంగ్లీషు తేదీతో కలవకపోవచ్చు.

*కోర్టు నోటీసులు.* ప్రొబేటు, వారసత్వ సర్టిఫికెట్ పిటిషన్లలో ఆక్షేపణలుంటే తెలుపవలసిందని కోర్టు ఆదేశంపై వచ్చే ప్రకటనలో పిటిషన్ నంబరు, కోర్టు పేరు, మృతుని వివరాలు, ప్రతివాదులైన బంధువుల పేర్లు ఉంటాయి. పత్రికలో చూసిన నంబరుతో కోర్టు రికార్డుకు దరఖాస్తు చేసుకోవచ్చు కాబట్టి, పత్రికలకు వారసత్వ రికార్డులకు మధ్య నేరుగా లంకె వేసేది ఈ నోటీసే.

*న్యాయ నివేదికలు.* 1876 నుంచి ఇండియన్ లా రిపోర్ట్స్ మద్రాసు శ్రేణి, 1891 నుంచి మద్రాస్ లా జర్నల్ వారసత్వ వ్యాజ్యాల తీర్పులను ప్రచురించాయి. అవసరమైన చోట వంశవృక్షాన్ని కూడా ముద్రించాయి. రాయలసీమకు సంబంధించి ప్రసిద్ధమైన పూర్వ ఉదాహరణ బళ్లారికి చెందిన అబ్రహాం కుటుంబపు వ్యాజ్యం: 1842లో వీలునామా లేకుండా మరణించిన మాథ్యూ అబ్రహాం ఆస్తిపై ఆయన భార్య షార్లెట్‌కు, తమ్ముడు ఫ్రాన్సిస్‌కు మధ్య నడిచిన వివాదంలో 1863లో ప్రీవీ కౌన్సిల్ ఇచ్చిన తీర్పు, ఆ క్రైస్తవ కుటుంబం పుట్టుపూర్వోత్తరాలను, వివాహ సంబంధాలను, వ్యాపారాన్ని వివరంగా నమోదు చేసింది.

*మిషన్, సంస్థల పత్రికలు.* 1853లో ఏర్పడిన అమెరికన్ ఆర్కాటు మిషన్ మదనపల్లె, పలమనేరు ప్రాంతాల్లోను, జర్మనీకి చెందిన హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్ తిరుపతి, శ్రీకాళహస్తి ప్రాంతాల్లోను పనిచేశాయి. వాటి వార్షిక నివేదికలు, 1854లో మొదలైన హెర్మన్స్‌బర్గ్ మిషన్ పత్రిక స్థానిక ఉపదేశకుల, ఉపాధ్యాయుల గురించిన సమాచారానికి వనరులు. వీటిని చర్చి రిజిస్టర్లతో కలిపి చదవాలి.

పరిశోధన పద్ధతి

పరిశోధన తెలిసిన తరం నుంచి తెలియని తరానికి వెనక్కి సాగుతుంది. మరణ ప్రకటన లేదా మరణ ధ్రువపత్రం నుంచి మరణ సంవత్సరం, గ్రామం తీసుకుని, ఆ గ్రామం ఏ సబ్‌రిజిస్ట్రారు పరిధిలో ఉండేదో నిర్ధారించి, సూచికలో పేరు వెతికి, దస్తావేజు నకలు పొందడం సాధారణ క్రమం. 1998లో రిజిస్ట్రేషన్ శాఖలో కంప్యూటర్లు ప్రవేశపెట్టిన తరవాత ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ పొందడం సులభమైనా, పాత కాలానికి చేతివ్రాత సూచికలనే చూడాలి. ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో ఆస్తి లావాదేవీలు కనిపిస్తాయి కాని 3వ పుస్తకంలోని వీలునామా కనిపించదు.

*తేదీల మార్పిడి.* రెవెన్యూ లెక్కలు ఫసలీ సంవత్సరంలో ఉంటాయి. మద్రాసు ప్రాంతపు ఫసలీ జూలై 1న మొదలవుతుంది. ఫసలీకి 590 కలిపితే అది మొదలయ్యే క్రీస్తు శకం వస్తుంది. ఆ ప్రకారం 1321 ఫసలీ అంటే 1911 జూలై నుంచి 1912 జూన్ వరకు. తెలుగు సంవత్సరాల పేర్లు 60 ఏళ్లకొకసారి తిరిగి వస్తాయి కాబట్టి, విరోధికృతు అని మాత్రమే ఉన్న పత్రం 1851–52, 1911–12, 1971–72లలో ఏదైనా కావచ్చు. స్టాంపు కాగితం, సాక్షుల వయస్సు, కరణం పేరు వంటి వాటితో దానిని తేల్చాలి.

*పేర్ల గుర్తింపు.* తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వల్ల ఒకే ఇంటిపేరు, ఒకే పేరు గలవారు మూడేసి తరాల్లో ఉంటారు. తండ్రి పేరు, సర్వే నంబరు కలిస్తేనే వ్యక్తిని నిర్ధారించగలరు. నగరి, పుత్తూరు, సత్యవేడు వంటి తమిళ సరిహద్దు ప్రాంతాల్లో ఇంటిపేరుకు బదులు తండ్రి పేరులోని మొదటి అక్షరం వాడే కుటుంబాలు ఉన్నాయి. అక్కడ తరం మారినప్పుడల్లా ఆ అక్షరం మారుతుంది. స్త్రీల ఇంటిపేరు వివాహంతో మారుతుంది కాబట్టి పుట్టింటి జాడకు పసుపుకుంకుమ కింద ఇచ్చిన భూమి దస్తావేజులు, మరణ ప్రకటనల్లోని అల్లుళ్ల పేర్లు తోడ్పడతాయి.

వలస కుటుంబాల జాడ

1860–1911 మధ్య దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు ఒప్పంద కూలీలుగా సుమారు 1,52,000 మంది భారతీయులు వెళ్లగా, వారిలో అధికభాగం మద్రాసు రేవు నుంచి ఓడ ఎక్కారు. ఉత్తర ఆర్కాటు జిల్లా వారు అందులో పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఓడ జాబితాల్లో కూలీ నంబరు, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం నమోదయ్యాయి. దక్షిణాఫ్రికాలో మరణించినవారి ఎస్టేటు ఫైళ్లలో ఉండే మరణ నోటీసులో తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, సంతానం పేర్లు ఉంటాయి. 1903లో మొదలైన ఇండియన్ ఒపీనియన్ పత్రిక, 1931లో ఏర్పడిన దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ ప్రచురణలు తరవాతి తరాల సమాచారానికి వనరులు. ఓడ జాబితాలో ఉత్తర ఆర్కాటు జిల్లా అని ఉన్న గ్రామం ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఉందా, తమిళనాడులో ఉందా అన్నది తాలూకా పేరుతో తేల్చాలి. (చూ. నటాల్ తెలుగువారు.)

లభించే చోట్లు

వీలునామా, భాగపరిష్కార దస్తావేజుల నకళ్లు సబ్‌రిజిస్ట్రారు, జిల్లా రిజిస్ట్రారు కార్యాలయాల్లోను, పిటిషన్లు, తీర్పులు సంబంధిత సివిల్ కోర్టుల్లోను ఉంటాయి. తిరుత్తణి కార్యాలయం తమిళనాడు పరిధిలో ఉంది. కంపెనీ కాలపు జిల్లా రికార్డులకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్ ప్రధాన కేంద్రం. యూరోపియన్ల వీలునామాలు, చర్చి నమోదులు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ ఇండియా ఆఫీసు రికార్డుల్లో ఉన్నాయి. జూలియన్ జేమ్స్ కాటన్ 1905లో ప్రచురించిన మద్రాసు రాజధాని సమాధి శాసనాల జాబితా వాటికి అనుబంధం. పాత పత్రికలకు చెన్నై కన్నెమరా గ్రంథాలయం, వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రం, ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ డిజిటల్ సేకరణ ఉపయోగపడతాయి.

పరిమితులు

పత్రికలు, దస్తావేజులు రెండూ సమాజంలో కొందరినే ఎక్కువగా నమోదు చేస్తాయి. భూమి లేని కుటుంబాలు, దళితులు, సంచార కులాలు, స్త్రీలు ఆస్తి పత్రాల్లో తక్కువగా కనిపిస్తారు; మరణ ప్రకటనకు డబ్బు చెల్లించగలిగినవారి పేర్లే పత్రికలో వస్తాయి. వయస్సు సాధారణంగా సుమారుగా చెప్పినదే. వీలునామాలో ఒక బిడ్డ పేరు లేకపోవడం ఆ బిడ్డ లేదనడానికి నిదర్శనం కాదు. ముందే వాటా ఇచ్చి ఉండవచ్చు. దావాలో ఒక పక్షం దాఖలు చేసిన వంశవృక్షం ఆ పక్షం వాదన మాత్రమే; తీర్పులో న్యాయస్థానం అంగీకరించిన మేరకే దానికి విలువ ఉంటుంది. అందువల్ల ఒక బంధుత్వాన్ని కనీసం రెండు స్వతంత్ర ఆధారాలతో సరిచూడడం సాధారణ నియమం. వంశరాజుల వంటి కులాలవారు చెప్పే మౌఖిక వంశావళులు లిఖిత ఆధారాలు లేని తరాలకు సూచనలుగా ఉపయోగపడతాయి.

ప్రాముఖ్యం

ఈ పరిశోధన కుటుంబ ఆసక్తికే పరిమితం కాదు. వారసత్వ వివాదాల్లో హక్కు నిరూపణకు, ఇనాం, జమీందారీ రద్దు తరవాతి భూయాజమాన్య అధ్యయనానికి, స్త్రీల ఆస్తి హక్కుల పరిణామాన్ని తెలుసుకోవడానికి, ప్రవాస తెలుగువారి మూలగ్రామాల నిర్ధారణకు ఇది ఆధారమవుతుంది. చిత్తూరు–తిరుపతి ప్రాంతంలో ప్రొబేటు ఆచారం బలంగా లేకపోవడం వల్ల, ఇతర దేశాల్లో ఒకే రికార్డులో దొరికే సమాచారాన్ని ఇక్కడ వీలునామా, భాగపరిష్కారం, కోర్టు తీర్పు, గెజిట్, మరణ ప్రకటనల నుంచి విడివిడిగా సేకరించి కలపవలసి వస్తుంది.

ఇవి కూడా చూడండి: ఇనాం కమిషన్, ఇల్లటం, ఉత్తర ఆర్కాటు జిల్లా, కరణం, తెలుగు పత్రికల చరిత్ర, దస్తావేజుల రిజిస్ట్రేషన్, ఫసలీ, మిరాశీ, హిందూ వారసత్వ చట్టం.